వరుసలో జాగ ఎవరిది?

చదువవలసిన భాగములు: మత్తయి 20:20–28, యోహాను 5:1–9, మార్కు 2:1–5



సెలవు దినములలో సండేస్కూలు పిల్లలను, యౌవనస్థులను ఒక బస్సు కట్టించుకొని పట్నము చూపింప తీసికొనిపోవుట మన పల్లె సంఘములలో ఇప్పుడు అనేక చోట్ల అలవాటైనది. పాలమూరు వైపునుండి వచ్చు బస్సులు బెంగుళూరు రహదారిమీద శంషాబాదు చేరును. విమానము తలమీదుగా దిగుచుండగా పిల్లలు కిటికీలకు అంటుకొని కేకలు వేయుదురు. అక్కడనుండి ఔటర్ రింగు రోడ్డెక్కి తుక్కుగూడ దాటినచో రావిర్యాల వచ్చును. 2016వ సంవత్సరము ఏప్రిల్ నెలలో తెరచిన వండర్‌లా అను వినోదోద్యానము అక్కడనే యున్నది. టికెట్టు వెల పల్లెవారికి తక్కువైనది కాదు. నెలల తరబడి కూడబెట్టిన సొమ్ముతో పోవుదురు గనుక ఒక్క ఆటయు విడువరాదని ప్రతి పిల్లవానికి ఆశ. అయితే ఆ దినమున వారు ఎక్కువ సమయము గడుపునది ఉయ్యెలలమీద కాదు, నీళ్లలోను కాదు, వరుసలలో.

కావున ఈ నెల పాఠమునకు వరుసలో ఒకరికొరకు మరియొకరు జాగ పట్టుటను గూర్చి తీసికొంటిమి. ఇంత చిన్న సంగతికి పాఠమెందుకని కొందరు పెద్దలు అనవచ్చును. ఎరువుల గోదాము ముందర తెల్లవారుజామున నిలిచియున్నవారు మాత్రము అట్లనరు.

సామాన్యముగా జరుగునది ఇది. పండ్రెండుమంది యౌవనస్థులు కలిసి వచ్చిరి. రికాయిల్ అను బండి యొద్ద, అనగా మనుష్యులను ఎక్కించుకొని తలక్రిందులుగా త్రిప్పు బండి యొద్ద, వరుస పొడవుగా నున్నది. ఒకనిని అక్కడ నిలిపి పదునొకండుగురు అలల కొలనుకు పోయిరి. వాని వెనుక ఒక తండ్రి తన కూతురితో నిలిచియున్నాడు. ఆ పిల్ల మాటిమాటికి ఎప్పుడని అడుగుచుండగా అతడు ముందున్న తలలు లెక్కబెట్టి, ఈసారి కాకున్న వచ్చుసారి మనమేనని చెప్పెను. అంతలో తడిసిన బట్టలతో పదునొకండుగురు ఇనుప కడ్డీ క్రిందనుండి దూరి వచ్చిరి. అడిగినవారికి చెప్పిన సమాధానము ఒక్కటే: "మావోడు ముందుగాలనే లైన్ల ఉన్నడు."

జాగ పట్టినవాడు దొంగయని మనము చెప్పుట లేదు. వాని మనస్సులో వాడు ఉపకారి. స్నేహితులు ఆడుకొనుచుండగా తాను ఎండలో నిలిచినాడు. అయితే వాడు పంచిపెట్టినది ఎవరి సొత్తు? వాని జాగ వానికే యున్నది. అందులో వాడు ఏమియు పోగొట్టుకొనలేదు. ఇచ్చినదంతయు వెనుకనున్నవారిది. ఒకవేళ వాడు తన జాగ స్నేహితునికిచ్చి తాను వరుస చివరకు పోయి నిలిచినయెడల అది దానమగును, ఎవ్వరును వానిని తప్పు పట్టరు. ఒక జాగకు ఒక మనిషి పోయి ఒక మనిషి వచ్చెను. వెనుకవారి లెక్క మారలేదు.

లెక్క చేసి చూడుడి. ఒక ఆట ఒక్కొక్కసారి ఇరువదిమందిని ఎక్కించుకొని అయిదు నిమిషములకొకసారి నడచుననుకొందము. పదునొకండుగురు నడుమ దూరినచో వెనుకనున్న ప్రతివానికి ఇంచుమించు మూడు నిమిషములు పోవును. మూడు నిమిషములేనా అని మీరనవచ్చును. వెనుక నూరుమంది ఉన్నయెడల ఆ మూడేసి నిమిషములు కలిసి నాలుగున్నర గంటలకు పైబడును. ఒక్కనియొద్ద అంత తీసికొన్న పెద్ద కలహమగును. నూరుగురియొద్ద కొంచెము కొంచెము తీసికొన్నందున ఎవరికి వారు గొణుగుకొని ఊరకుందురు. సంతలో తూకములో కొద్దికొద్దిగా తగ్గించువాని వర్తకము కూడ ఈలాగుననే సాగును.

ఊరకుండుటను గూర్చి ఒక పరిశీలన యున్నది. స్టాన్లీ మిల్‌గ్రామ్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన సహచరులతో న్యూయార్కు నగరములో 129 వరుసలలోనికి కావలెనని మనుష్యులను దూర్చి, ఏమి జరుగునో చూచెను. అది 1986లో అచ్చయినది. ఒక్కడు దూరినప్పుడు ఇంచుమించు సగము వరుసలలోనే ఎవరైనను అడ్డుచెప్పిరి. ఇద్దరు దూరినప్పుడు అడ్డుచెప్పుట బహుగా హెచ్చెను. అడ్డుచెప్పినవారిలో ఎక్కువమంది వెనుకనున్నవారు. నష్టము తమది గనుక నోరు వారిదే. జాగ పట్టుటకు సెలవు ఎవరిని అడుగవలెనో ఇందువలననే తెలియుచున్నది గదా. మనము ముందున్నవానితో సరసముగా మాటలాడి చొరబడుదుము, అడుగవలసినది వెనుకవానిని.

జెబెదయి కుమారుల తల్లి సంగతి ఈ వెలుగులో చదువుడి. ఆమె తన ఇద్దరు కుమారులకు రాజ్యములో కుడివైపున ఒకటి, ఎడమవైపున ఒకటి జాగ పట్టి యుంచుమని ప్రభువును వేడుకొనెను. తల్లి గనుక అడిగెను. ఆమెమీద మనకు కఠినభావము అక్కరలేదు. పట్టణమునకు పోయిన ప్రతి తల్లియు బిడ్డలకొరకు జాగ చూచునదే. మిగిలిన పదిమంది శిష్యులకు కోపము వచ్చెనని మత్తయి వ్రాసినాడు. వారే ఆ వరుసలో వెనుక నిలిచినవారు. ప్రభువు ఇచ్చిన జవాబులో మన పాఠమునకు కావలసిన మాటయున్నది: ఆ స్థలములు ఇచ్చుట తన వశమున లేదని ఆయన సెలవిచ్చెను. ఆయనయే అట్లు చెప్పగా, రికాయిల్ వరుసలో నిలిచిన మన అబ్బాయి పదునొకండుమందికి ఏ అధికారముతో ఇచ్చును?

ఇక వేరొక సంగతి. వరుసలో నిలిచినవాడు నడుమ పోయి తిరిగి వచ్చుట కూడ తప్పేనా? కాదు. చేర్చుట వేరు, తిరిగి వచ్చుట వేరు. ముసలితల్లికి దొడ్డికి పోవలసి వచ్చును. పసివానికి పాలు పట్టవలెను. చక్కెర రోగమున్నవాడు కొంచెము తిని రావలెను. అట్టివాడు అంతవరకు నిలిచినాడు, వెనుకవాడు వానిని చూచినాడు, తన లెక్కలో వానిని కలుపుకొన్నాడు. పోవునప్పుడు వెనుకకు తిరిగి "అన్నా, అమ్మను బాత్రూముకు తోల్కపోయి వస్త, జర మా జాగ చూడు" అని చెప్పిన చాలును. చెప్పక పోయినవాడు తిరిగి వచ్చినప్పుడు మాత్రము దూరినవానివలెనే కనబడును, అది లోకుల తప్పు కాదు. అమెరికాలో సిక్స్ ఫ్లాగ్స్ వంటి కొన్ని ఉద్యానములలో దీనికి కూడ ఒప్పుకొనరు. ఇతరులకు జాగ పట్టువారిని, వరుస విడిచి అదే చోటికి తిరిగి వచ్చువారిని కూడ బయటికి పంపుదుమని నిబంధనలలో వ్రాసియుంచిరి. అది మిక్కిలి కఠినమని ఈ వ్రాయువాని తలంపు. డిస్నీవారు వేరొక మార్గము కనుగొనిరి. పసిబిడ్డ ఉన్న దంపతులలో ఒకరు ఆట ఎక్కుదురు, రెండవవారు బిడ్డతో ఆగుదురు; మొదటివారు దిగిన తరువాత రెండవవారు మరల ఆ పొడుగు వరుసలో నిలువనక్కరలేదు. దానికి రైడర్ స్విచ్ అని పేరు. మన పిల్లలను తీసికొనిపోవువారు ఇట్టి అవసరము కలిగినప్పుడు ఆట యొద్దనున్న పనివానిని అడుగుట మేలు. కడ్డీ క్రింద దూరుటకంటె అడుగుట తేలిక.

వినోదము మాట అటుండనిండు. 2025వ సంవత్సరము ఆగస్టు, సెప్టెంబరు నెలలలో తెలంగాణలో యూరియా కొరత కలిగినప్పుడు సహకార సంఘముల ముందర మన రైతులు నిలిచిన వరుసలు మీరెరుగుదురు. 45 కిలోల సంచి ఒకటి రెండు దొరుకుటకై చీకటితో వచ్చి, నిలువలేక చెప్పులు వరుసగా పెట్టిరి. కొందరు పట్టాదారు పాసుపుస్తకములు పెట్టిరి, కొందరు రాళ్లు పెట్టిరి. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయిన తరువాత బ్యాంకుల ముందరను ఇట్లే జరిగెను. పత్రికలలో ఆ చెప్పుల బొమ్మలు చూచి నవ్వినవారు కలరు. నవ్వవలసినదేమున్నది? ఆస్ట్రేలియా దేశమున మెల్బోర్ను నగరములో 1960లలో ఫుట్‌బాలు టికెట్లకొరకు రాత్రింబగళ్లు నిలిచినవారు పెట్టెలు, మడత కుర్చీలు పెట్టి జాగ గురుతు చేసికొని, స్నేహితులు వంతులు వేసికొని కాచిరి. లియోన్ మాన్ అను పండితుడు దానిని శ్రద్ధగా పరిశీలించి 1969లో వ్యాసము వ్రాసెను. మనిషి అలసిపోవును, చెప్పు అలసిపోదు. అక్కడి పెట్టె, ఇక్కడి చెప్పు ఒకే జాతి.

చెప్పుల వరుస న్యాయమెట్లు అగుచున్నదో చూడవలెను. అక్కడ ప్రతివాడును తానే వచ్చినాడు. ఒక చెప్పు ఒక మనిషికి గురుతు. అందరును చూచుచుండగా పెట్టినాడు. అందరును అదే పని చేసిరి. యజమానుడు చెట్టు క్రింద కనుచూపు దూరములోనే కూర్చున్నాడు. ఇన్ని కూడినందున ఆ చెప్పుకు బలము కలిగినది. ఒకడు రాత్రివేళ వచ్చి ఇంటిల్లిపాది చెప్పులు ఆరు జతలు పెట్టి పోయి నిద్రించి తొమ్మిది గంటలకు వచ్చినయెడల, చూచుటకు అదే చెప్పుల వరుసయైనను, రావిర్యాలలోని పదునొకండుగురి కథయే మరల జరుగుచున్నది.

ఇక్కడనే బేతెస్ద కోనేటి రోగి జ్ఞాపకము వచ్చును. ముప్పది యెనిమిదేండ్లు రోగియైన ఆ మనిషి చెప్పుకొన్న దుఃఖము నీళ్లు లేవని కాదు. తన్ను దింపుటకు తనకెవ్వరును లేరనియు, తాను కదలి పోవులోగా మరియొకడు దిగిపోవుచున్నాడనియు అతడు మొరపెట్టెను. అక్కడ వరుస లేదు. మనుష్యులు గలవానికే నీళ్లు. వరుస అనునది ఏర్పడినదే ఇట్టివానికొరకు. వరుసలో నిలిచిన చోట బలవంతుడును బలహీనుడును, అన్నదమ్ములు పదిమంది గలవాడును ఎవ్వరును లేనివాడును ఒక్కొక్క జాగ మాత్రమే పొందుదురు. జాగలు పట్టుట ప్రారంభమైన వెంటనే మరల కోనేటి గట్టుకే పోవుదుము: మనుష్యులు గలవాడు గెలుచును. భర్త చనిపోయి, కొడుకు దుబాయిలో నుండి, రెండెకరముల వరి తానొక్కతే చూచుకొను విధవరాలు యూరియా వరుసలో నిలిచినప్పుడు ఆమె ముందర దూరినవారు ఎవరికి నష్టము చేసిరి? వారిలో మన సంఘపు అన్నలు ఉండరని చెప్పగలమా?

అయితే ఇదే చోట జాగ పట్టుటకు మంచి ముఖము కూడ కనబడుచున్నది. ఆమె దినమంతయు నిలువలేదు. ఆమె వచ్చి తన చెప్పులు పెట్టి, వెనుకనున్నవానితో చెప్పి, ఇంటికి పోయి ఎద్దులకు నీళ్లు పెట్టి వచ్చువరకు ప్రక్కవాడు వరుస కదలినప్పుడెల్ల తన చెప్పులతోపాటు ఆమె చెప్పులు ముందుకు జరిపినయెడల అది ఎంత ఉపకారము! దీనివలన వెనుకవానికి ఒక్క నిమిషమైనను పోదు.

మార్కు సువార్తలోని నలుగురు మోతగాండ్రమాట ఏమని అడుగువారుందురు. జనసమూహము అడ్డమైనందున వారు ఇంటి కప్పు విప్పి పక్షవాయువు గలవానిని దింపిరి. వరుస తప్పిరి గదా! తప్పిరి. అది ప్రాణముమీదికి వచ్చినవాని సంగతి, ఆసుపత్రిలో అత్యవసరమైన రోగిని ముందుకు పంపుటవంటిది. వారు నలుగురును తమకొరకు ఏమియు అడుగలేదు. ఆ కప్పు మరల ఎవరు వేసిరో మార్కు వ్రాయలేదు గాని, నలుగురు గట్టివారే గనుక వారే వేసియుందురని తలంచుట బాగుండును.

విమానాశ్రయమును గూర్చి కొన్ని మాటలు చెప్పవలెను; ఎందుకనగా మన కుటుంబములలో గల్ఫు దేశములకు పోవు కుమారులు కలరు, వారిని సాగనంప శంషాబాదుకు పోవుచుందుము. 2008 మార్చి 23 నుండి అక్కడనే విమానములు నడచుచున్నవి. టికెట్టు, గుర్తింపు పత్రము చూపినవారినే లోపలికి విడుతురు గనుక తల్లిదండ్రులు ద్వారమునొద్దనే నిలిచిపోవుదురు. లోపల కుమారుడు ఒంటరి. అక్కడ చెప్పుల న్యాయము చెల్లదు. పెట్టెను వరుసలో గురుతుగా విడిచి పోయినయెడల, ఎవరును లేని సామాను అపాయకరమైనదని భద్రతవారు అనుమానింతురు. అట్లే ఎరుగనివాడెవడైన "అన్నా, జర ఈ బ్యాగు చూడు" అన్నను ఒప్పుకొనరాదు. ఆ సంచిలో ఏమున్నదో మనకు తెలియదు. పల్లెలో ఇది మర్యాద తప్పుటయే, అక్కడ మాత్రము ఇదే మర్యాద. మొదటిసారి పోవు పిల్లవానికి ఈ సంగతి ముందుగా చెప్పి పంపుడి.

సామాను బరువు ఎక్కువైనదని ప్రక్కకు పంపినప్పుడు, సర్దుకొని తిరిగి వచ్చినవానిని మరల చివర నిలువక నేరుగా రమ్మని తరచుగా గుమాస్తాయే చెప్పును. అది తిరిగి వచ్చుట, చేర్చుట కాదు. అయినను వెనుకనున్నవారికి తెలియదు గనుక "పచ్చడి సీసాలు తీసేసిన అన్నా, ఆయననే రమ్మన్నడు" అని ఒక్క మాట చెప్పవలెను. విమానపువేళ దగ్గరపడినవాడు ముందుకు పోవలెనన్న, విమానసంస్థ పనివారిని అడుగుటయైనను, వరుసలోని వారిని అడుగుటయైనను చేయవలెను. అడిగినవానికి మన దేశములో జాగ దొరుకకపోవుట అరుదు.

వండర్‌లాలో ఫాస్ట్‌ట్రాక్ అను టికెట్టు కూడ అమ్ముదురు. ఎక్కువ సొమ్మిచ్చినవానికి పొట్టి వరుస. డిస్నీవారు 1999లో ఉచితముగా ప్రారంభించిన ఇట్టి ఏర్పాటును 2021లో మాని సొమ్ము తీసికొనుట మొదలుపెట్టిరి. ఇది బహిరంగముగా అమ్ముచున్నారు గనుక మోసమనలేము. యాకోబు పత్రిక రెండవ అధ్యాయములోని బంగారు ఉంగరమువాడు జ్ఞాపకము వచ్చుననుట నిజమే. ఒక్క బస్సులో పోయిన పిల్లలలో నలుగురికి ఆ టికెట్టు కొని తక్కినవారిని ఎండలో నిలుపుట మాత్రము సండేస్కూలు బోధకులు చేయకుందురు గాక.

ప్రయాణము ఏర్పాటు చేయువారికి మా సలహా ఇది. పిల్లలను ఆరేసిమందిగా విభజించి ఒక్కొక్క గుంపునకు ఒక పెద్దను నియమింపుడి. ఆరుగురును కూడినతరువాతనే వరుసలోనికి పోవలెను; ఒకడు తప్పిపోయినయెడల అతడు వచ్చువరకు అందరును బయట ఆగవలెను, లేదా వాడు ఆ ఆట మానవలెను. దొడ్డికి పోవుట, నీళ్లు త్రాగుట వరుస ముందరనే ముగింపుడి. ఎత్తు చాలని పిల్లలున్నచో ఆట వాకిటనున్న కొలత ముందుగా చూడుడి. అరగంట నిలిచినతరువాత పిల్లవానిని త్రిప్పి పంపిన వాని ఏడ్పు చూడలేము. ఇతరులు దూరినప్పుడు కలహింపవద్దు. "తమ్మీ, వెనుక చిన్నపిల్లలు శానసేపటిసంది నిలబడ్డరు" అని నెమ్మదిగా చెప్పుడి. వినకున్న పనివానికి చెప్పుడి.

ఒక సంగతి మిగిలినది. ఈ పాఠము బస్సు దిగినతరువాత చెప్పిన ఫలము తక్కువ. బస్సు ఎక్కునప్పుడే పిల్లలు మనలను చూచుచుందురు. ఆర్టీసీ బస్సు ఆగకముందే కిటికీలోనుండి కర్చీఫ్ వేయుట మన దేశమందు ఎంత అలవాటనగా, ఏదైన ముందుగా దక్కించుకొనువానిని కర్చీఫ్ వేసినాడని సామెతగా చెప్పుకొందుము. 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు ప్రయాణము ఉచితమైనతరువాత బస్సులలో రద్దీ హెచ్చినది, కర్చీఫులును హెచ్చినవి. వాకిటినుండి వరుసగా ఎక్కిన ముసలమ్మ ఆ గుడ్డముక్కను చూచి నిలుచుండిపోవును.

బుధవారపు కూటములో పెద్దలును పిల్లలును కలిసి ఈ ప్రశ్నలు మాటలాడుకొనవచ్చును. కిటికీలోనుండి వేసిన కర్చీఫుకును ఎరువుల వరుసలోని చెప్పుకును భేదమేమి? బేతెస్దవద్ద మనమును ఉన్నయెడల, మన ఇంటి రోగిని ముందుగా దింపకుండ ఆ ముప్పది యెనిమిదేండ్లవానిని దింపుటకు ఒప్పుకొందుమా? మన సంఘములో, రాబోవు కాలమున గోదాము ముందర వరుస కట్టినప్పుడు, చెప్పులు జరుపుటకు ఎవరును లేనివారెవరు, వారి ప్రక్క ఎవరు నిలుతురు?